అప్‌డేట్: ఊళ్ల జనాభా కూడితే కౌంటీ మొత్తం రావట్లేదు (తేలింది)

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం బాయిడ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఊళ్లన్నీ కూడినా 2020 సెన్సస్ (జనాభా లెక్కలు) మొత్తం 1,810 ఎందుకు రావట్లేదని ఇంతకుముందు అడిగాను. సాయం చేసినవాళ్లకు థాంక్స్. 'ఏ ఊరి పరిధిలోకీ రాని పొలాలు, రాంచ్‌ల (పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రాల) జనాన్ని మర్చిపోయారు' అన్న సూచనే కరెక్ట్. మొత్తంలోంచి ఊళ్లను తీసేస్తే మిగిలేది వాళ్లే; విడిగా వెతకక్కర్లేదు.

అదే కౌంటీలోని మోనోవై అనే చిన్న ఊరి సంగతి వేరు. దాని జనాభా 2010లో 1, 2020లో 2 అని ఉంది, 2020లో నిజంగా ఉన్నది మాత్రం ఒక్కరే. తప్పు కాదు. జనం గోప్యత కోసం సెన్సస్ బ్యూరో (అమెరికాలో జనాభా లెక్కలు తీసే సంస్థ) కావాలనే అంకెల్ని కాస్త అటూఇటూ జరిపింది. రాష్ట్ర మొత్తాన్ని మాత్రం కదపలేదు. కాబట్టి ఇంత చిన్న ఊళ్లకు 'జనాభా రెట్టింపు' లాంటి శాతాలు లెక్కేయొద్దు.

ఊరు రెండు కౌంటీల్లో ఉందేమోనన్న అనుమానం ఇక్కడ పనికిరాలేదు. మీ కౌంటీలో అలా ఉంటే సెన్సస్ డేటాలో సమ్మరీ లెవెల్ 155 (ఏ స్థాయి ప్రాంతానికి లెక్క ఇస్తున్నారో చెప్పే కోడ్) తీసుకోండి, ఊరిని కౌంటీలవారీగా విడగొట్టి ఇస్తుంది.