చేపల వేట కయాక్‌లో సీటు ఎత్తు పెంచడం సురక్షితమేనా?

టెక్సస్‌లోని లూయిస్‌విల్ జలాశయంలో నేను 10 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కయాక్‌పై (తెడ్డుతో నడిపే చిన్న పడవపై) కూర్చుని చేపలు పడుతుంటాను. దానితో వచ్చిన సీటు దాదాపు పడవ అడుగునే ఉండటం వల్ల గంట గడిచేసరికి నడుము పట్టేస్తోంది. పైగా నీరు పోవడానికి పెట్టిన రంధ్రాల గుండా నీళ్లే పైకి ఎగదన్ని బట్టలు తడిసి ముద్దవుతున్నాయి. అందుకే అల్యూమినియం మడత కుర్చీ కాళ్లు కోసి, 4 అంగుళాల ఎత్తున అమర్చాలనుకుంటున్నాను. ఎత్తు పెరిగితే గరిమనాభి పైకి జరిగి పడవ సులభంగా ఒరుగుతుందని తెలుసు కానీ, ఇంత వెడల్పున్న పడవకు అది ప్రమాదకరమా? పడవ తయారైన పాలిథిలిన్ ప్లాస్టిక్‌కు జిగురు సరిగా అంటుకోదు కాబట్టి రంధ్రాలు చేసి రివెట్లు కొట్టాలా, లేక ఇప్పుడున్న సీటు కొక్కేలకే పట్టీలతో బిగిస్తే నిలుస్తుందా? పడవకు చిల్లులు పెట్టడానికి, నిజం చెప్పాలంటే, నాకు చేతులు రావడం లేదు. ఇటువంటి మార్పు స్వయంగా చేసినవారు దయచేసి తెలుపగలరు.