ప్రతిష్టంభనా, తెమలకపోవడమా? బ్రెగ్జిట్ విసుగుకి తెలుగు మాట

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఓ మాసపత్రిక కోసం బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వెళ్ళిపోవడం) నాటి మూడున్నరేళ్ళ కథ రాస్తున్నాను, 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నుంచి 2020 జనవరి 31 రాత్రి 11 గంటల దాకా. నిన్న మొత్తం చదువుకుంటే "ప్రతిష్ఠంభన" అన్న మాట పద్నాలుగు సార్లు తగిలింది. చర్చల్లో ప్రతిష్ఠంభన, పార్లమెంటులో ప్రతిష్ఠంభన, కొనసాగుతున్న ప్రతిష్ఠంభన. రాసిన నాకే ఆవలింతలొచ్చాయి.

2019 మార్చిలో నేనిక్కడే, లండన్‌లో ఉన్నాను. బస్సులో, ఆఫీసులో టీ పెట్టుకునే చోట, పిల్లల బడి గేటు దగ్గర ఒకటే గొడవ: ఏదో ఒకటి చేసి చావండ్రా బాబూ! ఉండాలని ఓటేసినవాళ్ళదీ అదే మాట, పోవాలని ఓటేసినవాళ్ళదీ అదే. మా పక్కింటి పెద్దాయన రేడియోలో "బ్రె" అని వినపడగానే నొక్కి కట్టేసేవాడు. ఆ చిరాకు ఈ "ప్రతిష్ఠంభన"లో ఎక్కడుంది? మీ ఇళ్ళల్లో ఇలాంటిదానికి ఏమంటారో చెప్పండి.

పాత పంతులు:
అమ్మాయీ, ముందు ఆ ఒత్తు సరిచెయ్యి. ప్రతిష్టంభన. షకి టావత్తే, ఠ కాదు. "ప్రతిష్ఠ"లో ఉన్నది స్థా ధాతువు, నిలపడం. అందుకని అక్కడ ఠ వచ్చింది. ఇక్కడున్నది స్తంభ ధాతువు, కదలకుండా బిగుసుకోవడం. "ప్రతి" చివరి ఇకారం వల్ల స కాస్తా ష అయింది, ష పక్కనున్న త ట అయింది, అంతే. ఠ రావడానికి దారే లేదు. గుళ్ళో విగ్రహానికి చేసేది ప్రతిష్ఠ, సభలో బిల్లుకి పట్టేది ప్రతిష్టంభన. పత్రికలవాళ్ళు రెంటినీ కలిపి వండేశారు.

మాట చెడ్డదేం కాదు. రాతి స్తంభం, రాకపోకలు స్తంభించడం, నోట మాట రాక స్తంభించిపోవడం అన్నీ ఒక ఇంటివే. సాత్త్విక భావాలు ఎనిమిదింటిలోనూ స్తంభం ఉంది. అయితే స్తంభించినవాడు కాలూ చెయ్యీ ఆడనివాడు. మీ ఎంపీలు అలా కొయ్యబారిపోయారా? నేను టీవీలో చూసినప్పుడల్లా ఓట్లేస్తూ కనిపించారే!

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
దిద్దుకున్నాను మాస్టారూ. పద్నాలుగు చోట్లా!

మీరన్నది నిజం. చేతులు ముడుచుకుని కూర్చుంటే ఇంత కోపం వచ్చేది కాదేమో. అప్పటి ప్రధాని థెరిసా మే యూనియన్‌తో కుదుర్చుకొచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న 432–202 ఓట్లతో ఓడింది. 230 ఓట్ల తేడా, అక్కడి ప్రభుత్వాలేవీ అంత ఘోరంగా ఓడలేదు. మార్చి 12న మళ్ళీ పెడితే 149 తేడాతో, మార్చి 29న మూడోసారి పెడితే 58 తేడాతో పోయింది. మధ్యలో స్పీకర్ బెర్కో, ఒకే ప్రశ్నని ఒకే సమావేశాల్లో పదేపదే సభ ముందు పెట్టకూడదంటూ 1604 నాటి ఆనవాయితీని తవ్వి తీశారు. సరే, మీకేం కావాలో మీరే చెప్పండి అంటే, మార్చి 27న ఎనిమిది దారుల మీద ఓట్లేసి ఎనిమిదింటికీ కాదన్నారు. ఏప్రిల్ 1న నాలుగు పెడితే నాలుగూ పోయాయి. అందులో కస్టమ్స్ యూనియన్ (యూరప్‌తో ఉమ్మడి సుంకాల ఏర్పాటు) ప్రతిపాదన మూడంటే మూడు ఓట్లతో!

ఓరుగల్లు:
అక్కా, మా దిక్కు గిట్లాంటిదాన్ని "పంచాయితి తెగుతలేదు" అంటరు. అన్నదమ్ములు పొలం గట్టు కాడ కొట్లాడితె పెద్దమనుషులు కూసుంటరు. పొద్దుగూకినంక ఎవలో ఒకలు లేసి "ఇగ తెంపుండ్రి" అంటరు. తెగుడంటె తాడు తెగినట్టు. రెండు దిక్కుల గుంజంగ గుంజంగ ఒక కాడ తెగాలె. లండన్ల గుంజుడు మస్తుగున్నది, తెగుడే లేదు.

ఎనిమిది దారులంటె యాదికొచ్చింది. 2010 డిసెంబర్ల శ్రీకృష్ణ కమిటీ ఆరు దారులు చూపెట్టింది కదా. "ఆరు గాదు, ఒక్కటి చెప్పుండ్రి" అని మా హాస్టల్ల రోజూ గదే లొల్లి. ఎక్కువ దారులు చూపెట్టినోడు తొవ్వ చూపెట్టినట్టు గాదు.

నిర్వాహకుడు:
తమ్ముడూ, ఆ పక్కకి వెళ్ళొద్దు, రాత్రికి నాలుగొందల వ్యాఖ్యలొస్తాయి. మాట గురించే మాట్లాడుకుందాం. "తెంపు" బాగుంది, ఉంచండి.

వంశధార:
మీరంతా పార్లమెంటు లోపల కూర్చుని మాట కోసం వెతుకుతున్నారు. అమ్మాయి అడిగింది బయట నిలబడ్డవాళ్ళ మాట కదా! మా అమ్మమ్మ అయితే ఒకటే అనేది: "తెమల్లేదేటమ్మా ఇంకా?"

తెమలడానికి మా ఊళ్ళో రెండర్థాలున్నాయి. పని తెమిలిందంటే పూర్తయింది. మనిషి తెమిలిందంటే ముస్తాబై గుమ్మం దాటడానికి సిద్ధమైంది. బ్రెగ్జిట్‌కి రెండూ కావాలి. పోతామన్నవాళ్ళు పోవడానికి తెమలరు, ఆ పనీ తెమలదు. పెళ్ళికి బయల్దేరేటప్పుడు ఆటో వీధిలో నిలబెట్టి మా పెద్దమ్మ లోపల పెట్టె సర్దుతూ ఉంటుంది. పట్టుచీర తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. ఆటోవాడు హారన్ కొడతాడు. పెద్దమ్మకి ప్రతిష్టంభన పట్టిందని ఎవరైనా అంటారా?

పాత పంతులు:
భేష్!

బెల్‌ఫాస్ట్ బాబాయ్:
అమ్మా వంశధారా, నవ్వుకున్నాను గానీ ఒక్క మాట. పెద్దమ్మ తెమలకపోవడం ఆవిడ బద్ధకం. మాకిక్కడ జరిగింది బద్ధకం కాదు, అచ్చమైన పీటముడి. జారుముడి అయితే ఒక కొస లాగితే వచ్చేస్తుంది. పీటముడిని ఎటు లాగినా బిగుస్తుంది.

ఐర్లండ్ ద్వీపంలో ఉత్తరాన ఓ ముక్క బ్రిటన్‌ది, మిగతాది వేరే దేశం, యూరోపియన్ యూనియన్‌లో ఉంది. మధ్యలో దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత అక్కడ సైనికులూ తనిఖీలూ పోయాయి. నేను ఆదివారం పూట కారులో దాటేస్తుంటాను, బోర్డుల మీద మైళ్ళు కిలోమీటర్లుగా మారితే తప్ప దాటినట్టే తెలీదు. లండన్ ఏమందీ? యూనియన్ ఉమ్మడి మార్కెట్ నుంచీ కస్టమ్స్ నుంచీ బయటికొస్తాం అంది. ఐర్లండ్ సరిహద్దులో గేట్లు పెట్టం అంది. ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య సముద్రం మీదా గీత గీయం అంది. ఏ రెండు పట్టుకున్నా మూడోది బిగుసుకుంటుంది. 2017 ఎన్నికల్లో థెరిసా మే మెజారిటీ పోగొట్టుకుని, సముద్రం మీద గీత ఒప్పుకోని మా దగ్గరి డీయూపీ పార్టీ పదిమంది ఎంపీల మీద ఆనుకున్నాక, ఆ మూడో కొసని ముట్టుకునే ధైర్యం కూడా పోయింది.

అమ్మాయీ, నీ వ్యాసంలో "బ్యాక్‌స్టాప్"ని ఏమని రాశావు?

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
బ్యాక్‌స్టాప్ అనే రాశాను బాబాయ్, ధైర్యం చాలక.

బెల్‌ఫాస్ట్ బాబాయ్:
"ఊత" అని రాయి. ఎడ్లు విప్పాక బండి ముందుకి ఒరిగిపోకుండా కర్ర ఆనిస్తారు చూడు, అదీ బ్యాక్‌స్టాప్. వేరే ఏర్పాటు కుదిరేదాకా సరిహద్దులో గేట్లు లేవకుండా బ్రిటన్ మొత్తాన్నీ కస్టమ్స్‌లో ఆనించి ఉంచే ఊత. దాని మీద అంత పోట్లాట ఎందుకంటే, ఊత తీయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, బ్రిటన్ ఒక్కటీ తీయడానికి లేదు. ఊత తీయనివ్వకపోతే అది ఊత కాదు, గుంజ అన్నారు థెరిసా మే పార్టీవాళ్ళే.

ఇంకో సరదా. దీన్ని ఇంగ్లీషు పేపర్లన్నీ విడాకులనేవి. మన లెక్కన 1973లో యూరప్ కూటమితో పడిన కొంగుముడి విప్పబోయారు, పీటముడి పడింది.

పాత పంతులు:
ముళ్ళ సంగతి అలా ఉంచి, మీరెవరూ పట్టించుకోని మాట ఒకటుంది: వాయిదా. అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చింది. ఉర్దూలో "వాదా" అంటే మాటివ్వడం. మరాఠీలో "వాయదా" అంటే మాటా, గడువూ. మన దగ్గరికొచ్చేసరికి అప్పు తీర్చే గడువైంది, ఆ గడువు కాస్తా జరపడమైంది. ఇచ్చిన మాట నుంచి తప్పించుకునే తేదీ దాకా ఒకే మాట నడిచొచ్చింది.

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
అబ్బ! మాస్టారూ, ఇది నాకు దొరికిన నిధి. 2019 మార్చి 29న వెళ్ళిపోతున్నాం అని థెరిసా మే సభలో వందకు పైగా సార్లు చెప్పారు, ఇంచుమించు అష్టోత్తరం. అదీ ఉర్దూ వాదా. తర్వాత ఏప్రిల్ 12, ఆ తర్వాత అక్టోబర్ 31, చివరికి జనవరి 31. ఇవి తెలుగు వాయిదాలు. అక్టోబర్ దాకా గడువిస్తూ, దయచేసి ఈ కాలాన్ని వృథా చేసుకోకండి అన్నాడు యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు డోనల్డ్ టస్క్. బోరిస్ జాన్సన్ ప్రధానిగా వచ్చి, ఇంకో గడువడగడం కంటే కాలవలో పడి చావడం నయం అన్నాడు. అక్టోబర్ 19న గడువడిగే ఉత్తరం వెళ్ళింది, చట్టం అడగమంది కాబట్టి. సంతకం మాత్రం పెట్టలేదు!

వంశధార:
సంతకం లేకుండా పంపితే చెల్లుతుందేటి? మా స్కూల్లో సెలవుచీటీయే చెల్లదు.

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
చెల్లింది అక్కా. వాళ్ళు గడువిచ్చేశారు.

ఓరుగల్లు:
మా పోరగాళ్ళ లెక్కనే ఉన్నడు.

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
ఇంకొకటి అడగాలి. 2017లో థెరిసా మే మధ్యంతర ఎన్నికలు ప్రకటించిన రోజు బీబీసీవాళ్ళు బ్రిస్టల్లో ఓ పెద్దావిడని దారిలో ఆపి చెప్తే, ఆవిడ మొహం మాడ్చుకుని "వేళాకోళమా! మళ్ళీ ఇంకొకటా!" అంది. ఆ క్లిప్పు దేశమంతా తిరిగింది. అంతకు రెండేళ్ళ ముందే సాధారణ ఎన్నికలు, పోయినేడే రెఫరెండం. దీనికి తెలుగు ఎలా చేయాలి? "ప్రజలు విసిగి వేసారిపోయారు" అని రాస్తే ఆవిడ గొంతు వినపడట్లేదు.

పాత పంతులు:
విసిగి వేసారడం జంటపదం. వేసారడమన్నా అలసిపోవడమే. జోడించేసరికి పత్రికాభాష అయిపోయింది. ఆవిడకి ఒకే మాట చాలు: "మళ్ళీనా!"

ఆ చివర ఉన్నది ప్రశ్నార్థకమే, మళ్ళీ మీద ఆ చేరి మధ్యలో నకారం వచ్చింది. కానీ ఎవరూ జవాబు చెప్పక్కర్లేని ప్రశ్న. "ఉప్మానా" అని పిల్లాడంటే ఉప్మా గురించి సమాచారం అడగడం లేదు కదా.

బెల్‌ఫాస్ట్ బాబాయ్:
మాస్టారూ, ఉప్మాకి నా సానుభూతి.

వంశధార:
ఇప్పుడు నా "తెమలడం" గెలిచిందా లేదా? జాన్సన్ 2019 డిసెంబర్ 12 ఎన్నికల్లో "గెట్ బ్రెగ్జిట్ డన్" అన్న మూడే మూడు ఇంగ్లీషు మాటలతో నెగ్గాడు, 365 సీట్లతో. మన పేపర్లవాళ్ళు దాన్ని "బ్రెగ్జిట్‌ను పూర్తి చేద్దాం" అని రాశారు. చప్పగా లేదూ? "బ్రెగ్జిట్ తెమల్చేద్దాం" అనాలి. ఎలా తెముల్తుందన్నది ఎవరికీ అక్కర్లేదు, తెమిల్తే చాలన్నారు జనం.

ఓరుగల్లు:
అక్కా, నేనొక లెక్క చెప్త. 2016ల కోటీ 74 లక్షల మంది పోదామన్నరు, కోటీ 61 లక్షల మంది ఉందామన్నరు. లెక్క తేలింది. కాని పంచాయితి తెగలె. 2020ల పని తెమిలింది. తేలుడు, తెగుడు, తెములుడు.

బెల్‌ఫాస్ట్ బాబాయ్:
తమ్ముడూ, ప్రాస బాగుంది గానీ తెమిలిందని ఎవరన్నారు? 2020 డిసెంబర్ 31 దాకా పాత నియమాలే నడిచాయి. వర్తక ఒప్పందం కుదిరింది ఆ డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందు రోజు. జాన్సన్ చేసిందల్లా ఆ మూడో కొసని మా మీదికి తోయడం, సముద్రంలో గీత గీయడం. దానికి నిరసనగా డీయూపీ 2022 ఫిబ్రవరిలో ఇక్కడి ఉమ్మడి ప్రభుత్వంలోంచి బయటికొచ్చేస్తే మాకు రెండేళ్ళపాటు ఇక్కడ ప్రభుత్వమే లేదు. 2023లో ఆ గీతని సడలించడానికి విండ్సర్ ఒప్పందమని ఇంకోటి. లండన్ వాళ్ళకి తెమిలింది, మాకు ముడి చేతిలోనే మిగిలింది.

వంశధార:
అదే నేననేది బాబాయ్. లోపలున్నవాళ్ళకి పీటముడి, బయటున్నవాళ్ళకి తెమలకపోవడం. రెండూ రాయాలి, ఒక్కదాంతో సరిపోదు. ఇంతకీ వెళ్ళిపోవడాన్ని ఏమని రాశావమ్మా?

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
"వైదొలగడం" అక్కా. పేపర్లలో అదేగా.

వంశధార:
అది పదవి వదిలేసినవాళ్ళకి. ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళు వైదొలుగుతారా! ఈ మనుషులు 2019 మార్చిలో వెళ్ళిపోవాల్సినవాళ్ళు, మే 23న యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓట్లేశారు. ఇల్లు ఖాళీ చేస్తున్నామన్నవాళ్ళు అపార్ట్‌మెంటు సంఘానికి పోటీ చేసినట్టుంది. పైగా అన్ని పార్టీలకంటే ఎక్కువమంది గెలిచింది ఖాళీ చేద్దామనే పార్టీవాళ్ళే, 29 మంది! "వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం" అంటూ గేటు దగ్గర నిలబడ్డారని రాయి.

పాత పంతులు:
"వెళ్ళొస్తాం" అనకూడదు అమ్మా, అందులో మళ్ళీ రావడం ఉంది. అటువైపువాళ్ళు కంగారుపడతారు.

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
ఒక పేరా తిరగరాశాను, చూడండి:

"అక్టోబర్ 31కి తెమిలిపోతామన్న ధీమాతో ప్రభుత్వం ఆ తేదీ వేసి 50 పెన్నీల నాణేలు కూడా కొట్టించింది. తెమల్లేదు. నాణేలను కరిగించేశారు. జనవరి 31 తేదీతో మళ్ళీ కొట్టారు. లోపల ముడి విప్పుతున్నవారికి అది పీటముడి. బయట ఆటోలో కూర్చున్న ఆరున్నర కోట్ల మందికి మాత్రం ఒకటే మాట: మళ్ళీనా!"

పాత పంతులు:
బాగుంది. "ప్రతిష్టంభన" ఒక్కసారైనా ఉంచు, పూర్తిగా తీసేయకు. ఒత్తు నేర్చుకున్నావు కదా.

ఓరుగల్లు:
అక్కా, ఆరున్నర కోట్ల మంది ఒక్క ఆటోల ఎట్ల పడతరు?

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
షేర్ ఆటో తమ్ముడూ.