డ్రాగ్‌లో కరెంటు బండ్లు: పెట్రోలు బండ్లతో కలపాలా, వేరుగా పెట్టాలా?

తుంగభద్ర గేర్ (కర్నూలు):
మా బ్యాచ్ చలికాలంలో పర్మిషన్ తీసుకుని డ్రాగ్ మీట్, అంటే తిన్నగా ఉన్న దారిలో ఇద్దరిద్దరు పక్కపక్కన లాగే పందెం పెట్టాలని చూస్తోంది. పావు మైలు, అంటే 402 మీటర్లు. పర్మిషన్ లేకుండా రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సంగతి ముందే చెబుతున్నా, ఎవరూ హైవే గురించి సలహాలు ఇవ్వొద్దు.

అసలు విషయం. మమ్మల్ని ఏ క్లాసులో వేస్తారని కరెంటు బండ్ల వాళ్లు అడుగుతున్నారు. మన క్లాసులన్నీ సీసీ లెక్కన ఉంటాయి. మోటారుకు సీసీ ఎక్కడ్నుంచి తేవాలి? వాళ్లకు వేరే క్లాసు పెట్టేద్దామని నా ఉద్దేశం. క్లచ్ లేదు, గేర్లు లేవు, గ్రిప్ తిప్పితే పోతుంది. పాత యమహా ఆర్ఎక్స్ 100 మీద లాంచ్, అంటే నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా లాగడం, పట్టుబడటానికి ఏళ్లు తిప్పలు పడినోడి పక్కన దాన్ని నిలబెడితే న్యాయమా?

అనంత వోల్ట్ (అనంతపురం):
అన్నా, వేరే క్లాసు పెడితే నలుగురు కూడా రారు. అందులో గెలిచి ఏం లాభం? పైగా కరెంటు స్కూటరునూ, అల్ట్రావయలెట్ ఎఫ్ 77 లాంటి పెద్ద కరెంటు బైకునూ ఒకే క్లాసులో వేస్తే అది ఇంకా అన్యాయం. పవర్ లెక్కన కలపండి. ఎఫ్ 77 పెద్ద మోడల్ పీక్ పవర్ 30 కిలోవాట్లు, పెట్రోలు బైకు కేటీఎం 390ది కూడా దాదాపు అంతే. పక్కపక్కన పెట్టండి, తేల్చుకుంటాం.

'మీ టార్క్ (తిప్పే బలం) 100 న్యూటన్ మీటర్లు, కేటీఎంది 40 కూడా లేదు' అని మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ లెక్క మోటారు దగ్గరిది. కేటీఎంలో ఫస్ట్ గేరు ఆ టార్క్‌ను ఎన్నో రెట్లు పెంచి వెనక చక్రానికి ఇస్తుంది. మాకున్నది ఒకటే గేరింగ్, బండి బరువేమో 200 కిలోల పైనే.

బళ్లారి చౌరస్తా షెడ్డు (కర్నూలు):
కిలోవాట్ల లెక్క బ్రోచర్‌లో బాగుంటుంది తమ్ముడూ. చార్జింగ్ తగ్గేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, పవర్ కూడా తగ్గుతుంది. అదీగాక ల్యాప్‌టాప్ తగిలించి, మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే కంట్రోలర్ సెట్టింగు మార్చేస్తే ఎవరు పట్టుకుంటారు? పెట్రోలు బండి మీద కంప్లయింట్ వస్తే హెడ్ విప్పి, బోరూ స్ట్రోకూ కొలిచి సీసీ తేల్చేస్తాం. కంట్రోలర్ విప్పితే బోర్డు కనిపిస్తుంది, అంతే.

అమెరికాలో 1997 నుంచి నెడ్రా అని కరెంటు డ్రాగ్ సంఘమే ఉంది. వాళ్లు వోల్టేజీని బట్టి క్లాసులు చేశారు. వోల్టేజీని మీటరు పెట్టి చూడొచ్చు, నిజమే. కానీ పెట్రోలు బండితో కలపాలంటే అది పనికిరాదు. టైము మీద పెట్టండి. 15 సెకన్ల క్లాసంటే అంతకన్నా ముందే వచ్చినోడు బ్రేకౌట్, ఇంటికి. బండి దేంతో నడిస్తే మనకేంటి?

పెన్నా 402 (కడప):
షెడ్డన్నా, అక్కడే దెబ్బ తింటాం. కార్బురేటర్ బండి పొద్దున ఒక టైము కొడుతుంది, మధ్యాహ్నం ఇంకోటి. ఎండ ముదిరితే గాలి పలచబడి పవర్ తగ్గుతుంది, కడప ఎండ గురించి మీకు చెప్పాలా? మోటారుకు గాలితో పనే లేదు. 15.05 అంటే ప్రతిసారీ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇలా టైము కట్టి పెట్టే ఇండెక్స్ రేసులో ఒకే టైము మళ్లీ మళ్లీ కొట్టినోడిదే ట్రోఫీ. దాన్ని ముందే పార్సిల్ చేసి వాళ్లకు పంపేయండి.

అనంత వోల్ట్:
గాలి అక్కర్లేదు కానీ బ్యాటరీ వేడెక్కదా అన్నా? వేడెక్కితే బండే పవర్ కోసేస్తుంది. పైగా లైటు చూసి కదిలేది మనిషే. ట్రీ (స్టార్ట్ లైట్ల స్తంభం) మీద పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒక్కొక్కటే వెలిగి పచ్చ పడుతుంది. అక్కడ పదోవంతు సెకను నిద్రపోతే నా 15.05 ఎవడిక్కావాలి?

బళ్లారి చౌరస్తా షెడ్డు:
క్లాసుల గురించి ఎంతసేపైనా కొట్టుకోండి, నా టెన్షన్ వేరే. మొన్న షెడ్డులో ఒక స్కూటరు ఆన్‌లో ఉండిపోయింది. చప్పుడు లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. పక్కకు జరుపుదామని మా కుర్రోడు స్టాండు తీసి హ్యాండిల్ పట్టుకున్నాడు, గ్రిప్ తిరిగింది. బండి వెళ్లి పాత టైర్ల కుప్పలో దూరింది, వాడు కింద పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. డ్రాగ్ లైన్లో బండి ముందు టైర్ల కుప్ప ఉండదు, రేసు మొదలుపెట్టించే మనిషి, స్టార్టరు ఉంటాడు.

అందుకే ఆన్‌లో ఉన్నట్టు బయటికి కనపడే లైటు ఉండాల్సిందే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది కదా, ఆ కార్ల మీద సేఫ్టీ లైటు పచ్చగా ఉంటేనే ట్రాక్ పక్కనుండే సేఫ్టీ మనుషులు, మార్షల్స్, ముట్టుకోవాలి. కరెంటు మొత్తం ఆపే మెయిన్ కటాఫ్ స్విచ్ బయటి మనిషి చేతికి అందాలి, ఎక్కడుందో స్టిక్కర్ ఉండాలి. రైడర్ పడిపోతే పవర్ కట్టయ్యే తాడు అందరికీ, పెట్రోలు వాళ్లకు కూడా. డీసీ 60 వోల్టులు దాటిన బండి దెబ్బతింటే ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకుండా ఎవరూ దాని జోలికి పోకూడదు.

ఇక మంట. పౌడర్ సిలిండర్ కొడితే పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల సెల్స్ చల్లబడవు. నీళ్లు కావాలి, చాలా కావాలి. ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు, ఆ బండిని దూరంగా ఒంటరిగా పెట్టాలి. ట్యాంకర్ లేకపోతే కరెంటు బండ్లను గేటు దాటనివ్వొద్దు.

పెన్నా 402:
ట్యాంకర్ మాటకు నేనూ ఓకే. సేఫ్టీ రూల్స్ కూడా టైమును, వేగాన్ని బట్టే పెట్టండి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ పావు మైలు 9.23 సెకన్లలో కొడుతుందని కంపెనీయే చెప్పింది, అదీ షోరూం బండి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్లు గంటకు 150 మైళ్లు దాటే కారుకు పారాచూట్ ఉండాలంటారు. ఏసీ వేసుకుని పాటలు వింటూ వచ్చినోడు పారాచూట్ ఎక్కడ కడతాడు? (మన మీట్‌కు ప్లెయిడ్ రాదులే.)

కానీ రౌండుకూ రౌండుకూ మధ్య చార్జింగ్ మాత్రం ఒప్పుకోను.

అనంత వోల్ట్:
మరి మీరు ట్యాంకులో పెట్రోలు పోసుకోరా?

తుంగభద్ర గేర్:
సరే, టైము క్లాసులే రాస్తున్నా, 13, 15, 17 సెకన్లు. ఆన్ లైటు, కటాఫ్, ట్యాంకర్ తప్పనిసరి. నాకింకా మనసొప్పట్లేదు కానీ సీసీ తెచ్చివ్వమని మోటారును అడగలేను కదా. చార్జింగ్ ఓకే, అందరి ముందూ, ఒకే చోట. అక్కడ కరెంటు లైను లేదు, డీజిల్ జనరేటర్ పెట్టాలి. ఆ ఖర్చు ఎంట్రీ ఫీజులో కలపమంటే మాత్రం కుదరదు.

అనంత వోల్ట్:
మా డీజిల్ మేం పోయించుకుంటాం లే అన్నా, ఫారం పెట్టు.