షేర్‌పాయింట్ 2013 నుంచి సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు: 420 జీబీ ఒక్క వారాంతంలో అయితదా?

హనుమకొండ అడ్మిన్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. హనుమకొండల హెడ్ ఆఫీసు, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, భూపాలపల్లి దిక్కు కలిపి ఎనిమిది బ్రాంచీలు. దాదాపు 450 మంది ఒకటే షేర్‌పాయింట్ 2013 (ఆఫీసు ఫైళ్లు, ఫారాలు అందరూ పంచుకునే మైక్రోసాఫ్ట్ సర్వర్ సాఫ్ట్‌వేర్) మీద పని చేస్తున్నరు. ఒక షేర్‌పాయింట్ సర్వర్, విండోస్ సర్వర్ 2012 ఆర్2. ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012. సైట్లు, ఫైళ్లు దాచే కంటెంట్ డేటాబేస్‌లు మూడు: 310 జీబీ, 90 జీబీ, 20 జీబీ. లీవు, టీఏ బిల్లుల ఫారాలు ఇన్ఫోపాత్‌ల (మైక్రోసాఫ్ట్ ఫారాల సాఫ్ట్‌వేర్) ఉన్నయ్. బయటోళ్లతోని చేయించిన సొల్యూషన్ ప్యాకేజీలు (షేర్‌పాయింట్‌కు అదనంగ ఎక్కించిన కోడ్) రెండు, వాటి సోర్స్ కోడ్ మా దగ్గర లేదు.

పైనుంచి ఆర్డర్ వచ్చింది, షేర్‌పాయింట్ కొత్త వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మారాలె అని. ఒక ఏజెన్సీ "సెటప్ రన్ చేస్తే చాలు, ఒక్క రాత్రిల అయిపోతది" అంటున్నది. నాకు నమ్మబుద్ధి అయితలేదు. నేరుగా పోవచ్చా? రెండో శనివారం, ఆదివారం కలిపి పని తెగుతదా? ఏమేం విరుగుతయ్?

కాజీపేట షేర్‌పాయింట్:

నేరుగా పోలేరు. షేర్‌పాయింట్‌ల పాత వెర్షన్ మీదనే సెటప్ రన్ చేసే అప్‌గ్రేడ్ 2013 నుంచే లేదు. కొత్త ఫార్మ్ (షేర్‌పాయింట్ సర్వర్ల సెట్టు) కట్టి, పాత కంటెంట్ డేటాబేస్‌ను దానికి తగిలించుడు ఒక్కటే దారి. సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ 2016, 2019 డేటాబేస్‌లనే తీసుకుంటది. 2019 ఏమో 2016ను మాత్రమే తీసుకుంటది. అంటే మీకు 2013, అక్కడి నుంచి 2016, అక్కడి నుంచి సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్. మధ్యల 2019 పెట్టుకునుడు దండగ.

మధ్యల 2016 ఫార్మ్ యూజర్లకు కనబడేది కాదు, కాబట్టి ఒక్క వర్చువల్ మెషీన్ చాలు. విండోస్ సర్వర్ 2016, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016, 16 జీబీ ర్యామ్, సింగిల్ సర్వర్ ఫార్మ్ రోల్. 180 రోజుల ట్రయల్ కీతోనే పని అయిపోతది. చివరి ఫార్మ్‌కు విండోస్ సర్వర్ 2022, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 లేదా 2022 పెట్టుకోండి. ఒకటి గుర్తుంచుకోండి, కొత్త ఎస్‌క్యూఎల్‌ల రిస్టోర్ అయిన డేటాబేస్ మళ్ల పాత ఎస్‌క్యూఎల్‌లకు దిగదు. అందుకే 2013 బ్యాకప్ ఫైళ్లను ముట్టుకోకుండ విడిగ దాచిపెట్టాలె.

ఇగ అసలు పని పాత ఫార్మ్ మీదనే ఉంటది. పదిల ఎనిమిది వంతుల కష్టం అక్కడ పడితే మిగిలినయి సాఫీగ పోతయ్.

ముందుగల పవర్‌షెల్‌ల (విండోస్ కమాండ్లు నడిపే టూల్) గెట్-ఎస్‌పీసైట్ కమాండ్ నడిపి కంపాటిబిలిటీ లెవెల్ చూడండి. 14 అని కనబడ్డ సైట్ కలెక్షన్ (ఒక గుంపుగ ఉండే సైట్లు) అంటే 2010 రూపంలనే ఉండిపోయినట్టు. అసొంటిది ఒక్కటి ఉన్నా 2016 ఆ డేటాబేస్‌ను అప్‌గ్రేడ్ చెయ్యదు. అప్‌గ్రేడ్-ఎస్‌పీసైట్‌ను వెర్షన్‌అప్‌గ్రేడ్ స్విచ్‌తో నడిపి 15కు తేవాలె.

రెండోది, వెబ్ అప్లికేషన్ లాగిన్ పద్ధతి పాత క్లాసిక్ అథెంటికేషన్‌ల ఉన్నదా, కొత్త క్లెయిమ్స్‌లనా చూడండి. యూజర్ లాగిన్ పేరు "ఐ, కోలన్, సున్నా, హ్యాష్"తో మొదలైతే క్లెయిమ్స్. వట్టి డొమైన్ పేరు, యూజర్ పేరు కనబడితే క్లాసిక్. క్లాసిక్ అయితే 2013లనే కన్వర్ట్-ఎస్‌పీవెబ్‌అప్లికేషన్‌తో మార్చుకోండి. మార్చకుండ తగిలిస్తే డేటా అంతా ఉంటది గాని మనుషులకు పర్మిషన్ ఉండదు, అందరికీ యాక్సెస్ డినైడ్ వస్తది.

మూడోది, ఎక్కువ టైం తినేది టెస్ట్-ఎస్‌పీకంటెంట్‌డేటాబేస్, అంటే డేటాబేస్‌కు కావాల్సినవి కొత్త ఫార్మ్‌ల ఏమేం లేవో చెప్పే కమాండ్. మిస్సింగ్ ఫీచర్, మిస్సింగ్ సెటప్ ఫైల్, మిస్సింగ్ వెబ్‌పార్ట్, మిస్సింగ్ అసెంబ్లీ అని వందల వరుసలు వస్తయ్. చాలామటుకు ఒకటి రెండు సొల్యూషన్ల నుంచే వస్తయ్ కాబట్టి భయపడొద్దు, ఫీచర్ ఐడీల వారీగ కలిపి చూస్తే పదిహేను ఇరవైకి దిగుతయ్. ఒక్కొక్కదానికి రెండే దార్లు: ఆ సొల్యూషన్‌ను కొత్త ఫార్మ్‌ల ఎక్కించుడు, లేకుంటే పాత ఫార్మ్‌ల సైట్ల నుంచి ఆ ఫీచర్‌ను తీసేసుడు.

సోర్స్ కోడ్ లేదన్నరు కదా, ప్యాకేజీ ఫైల్ సెంట్రల్ అడ్మినిస్ట్రేషన్‌ల ఉంటే చాలు. ఫార్మ్ సొల్యూషన్స్ కలెక్షన్ నుంచి సేవ్‌యాజ్‌తో బయటకు తీసుకోవచ్చు, పవర్‌షెల్‌ల రెండు లైన్ల పని. 2016ల ఎక్కించి నడుస్తదా లేదా చూడండి. ఏది చేసినా ఎస్‌క్యూఎల్ టేబుల్స్‌ల చెయ్యి పెట్టి వరుసలు డిలీట్ చెయ్యొద్దు. అట్ల చేస్తే సపోర్ట్ పోతది, పై మెట్టు మీద డేటాబేస్ ఎందుకు ఫెయిల్ అయిందో ఎవ్వలకూ అర్థం కాదు.

కరీంనగర్ డీబీఏ:

డేటాబేస్ వైపు సంగతులు నేను చెప్తాను.

కంటెంట్ డేటాబేస్‌కు మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసే సైజు 200 జీబీ లోపు. మీ 310 జీబీ దాటింది. ముందు అందులో ఎన్ని సైట్ కలెక్షన్లు ఉన్నాయో, ఒక్కోటి ఎంతుందో చూడండి. నాలుగైదు ఉంటే కొత్త డేటాబేస్ ఒకటి పెట్టి, అదే ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాన్స్‌లో మూవ్-ఎస్‌పీసైట్‌తో సగం అటు జరపండి. జరుపుతున్నంతసేపు ఆ సైట్ లాక్ అవుతుంది కాబట్టి రాత్రిపూట చేయాలి. మొత్తం ఒకే సైట్ కలెక్షన్ అయితే మాత్రం అది చీలదు, తగ్గించుకోవడమే.

తగ్గించడంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. లైబ్రరీ సెట్టింగ్స్‌లో "10 వెర్షన్లు చాలు" అని పెట్టగానే పాత వెర్షన్లు పోవు. ఆ ఫైల్‌ను మళ్లీ ఎవరైనా సేవ్ చేసినప్పుడే కత్తిరింపు జరుగుతుంది. 2015లో పెట్టిన టెండర్ ఫైల్‌ను ఇప్పుడెవరు సేవ్ చేస్తారు? స్క్రిప్ట్‌తో తీయాలి, తర్వాత సైట్ కలెక్షన్ రీసైకిల్ బిన్ రెండో దశ కూడా ఖాళీ చేయాలి. ఎండీఎఫ్ ఫైల్ (డేటాబేస్ అసలు ఫైల్) సైజు అలాగే కనిపించినా కంగారు వద్దు. బ్యాకప్‌లోకి వాడుకలో ఉన్న పేజీలే వెళ్తాయి, బ్యాకప్ చిన్నదైతే పని జరిగినట్టే.

కొత్త ఎస్‌క్యూఎల్‌లో మ్యాక్స్‌డాప్ (ఒక క్వెరీకి ఎన్ని ప్రాసెసర్లు వాడాలో చెప్పే సెట్టింగ్) 1 తప్పనిసరి. అది లేకపోతే ఫార్మ్ కాన్ఫిగరేషన్ డేటాబేస్ సృష్టించేటప్పుడే ఆగిపోతుంది. కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుస పెట్టే నియమం) లాటిన్1 జనరల్, సీఐ ఏఎస్ కేఎస్ డబ్ల్యూఎస్. ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ ఆన్ చేస్తే రిస్టోర్ సమయం బాగా తగ్గుతుంది. మధ్య మెట్టులో రికవరీ మోడల్ సింపుల్‌గా పెట్టండి, అయినా లాగ్ ఫైల్ పెరుగుతుంది కాబట్టి లాగ్ డిస్క్‌లో ముందే చోటు ఉంచండి. డిస్క్ నిండి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగడం చాలా తరచుగా జరిగే తప్పు. లెక్క వేస్తే 2013 బ్యాకప్, 2016 రిస్టోర్, మళ్లీ బ్యాకప్, చివరి రిస్టోర్. మొత్తం మీద 2 టీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టకండి.

ఇక రెండు రోజులు సరిపోతాయా అన్నది. జీబీలు చూసి ఎవరూ చెప్పలేరు. అప్‌గ్రేడ్ సమయం సైట్లు, లిస్టులు, వెర్షన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. అసలు డేటా కాపీతో రెండు మెట్లూ ఒకసారి పూర్తిగా ఎక్కి, గడియారం పెట్టి కొలవండి. దొరికిన లోపాలు సరిచేసి మళ్లీ కొలవండి. రెండోసారి 30 గంటల లోపు వస్తే శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టవచ్చు. రాకపోతే మూడు రోజుల సెలవు వచ్చేదాకా ఆగండి. డేటాబేస్‌లను వేర్వేరు పవర్‌షెల్ విండోల్లో కొన్ని నిమిషాల తేడాతో మొదలుపెట్టి పక్కపక్కనే నడపవచ్చు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రాలు ఈదురుగాలులకు లైన్లు పోతాయి. యూపీఎస్ అరగంటకే అయితే జనరేటర్‌లో డీజిల్ నింపి ఉంచండి. మధ్యలో సర్వర్ పడిపోతే అప్‌గ్రేడ్-ఎస్‌పీకంటెంట్‌డేటాబేస్‌తో కొనసాగించవచ్చు గానీ, ఆ మెట్టు బ్యాకప్ మళ్లీ రిస్టోర్ చేసి మొదటి నుంచి నడపడమే శుభ్రం.

మంచిర్యాల సిస్టమ్స్:

పై ఇద్దరు చెప్పినదానికి తోడు, కంటెంట్ డేటాబేస్‌ల రాని సంగతులు ఉంటయ్. మేనేజ్డ్ పాత్‌లు (సైట్లు ఉండే యూఆర్ఎల్ దారులు), అప్‌లోడ్ సైజు పరిమితి, అడ్డుకునే ఫైల్ రకాలు, కోటా టెంప్లేట్లు, అవుట్‌గోయింగ్ మెయిల్, వెబ్ కాన్ఫిగ్‌ల చేతితోని పెట్టిన మార్పులు. ఇవన్నీ పాత సర్వర్‌ల చూసి రాసుకోండి, కొత్త దాంట్ల ముందుగనే పెట్టండి. ముఖ్యంగ మేనేజ్డ్ పాత్. అది లేకుండ తగిలిస్తే ఆ దారిల ఉన్న సైట్లన్నీ 404. ఇంకోటి, రూట్ సైట్ కలెక్షన్ ఏ డేటాబేస్‌ల ఉన్నదో దాన్నే మొదలు మౌంట్-ఎస్‌పీకంటెంట్‌డేటాబేస్ చెయ్యాలె.

టెస్ట్ ఫార్మ్‌ల అవుట్‌గోయింగ్ మెయిల్ అస్సలు పెట్టొద్దు. అలర్ట్‌లు డేటాబేస్‌తోనే వస్తయ్. టైమర్ జాబ్ లేవంగనే బ్రాంచీలోళ్లకు పాత ఫైళ్ల గురించి మెయిళ్లు పోతయ్.

టెస్ట్‌ల యూఆర్ఎల్ మార్చకండి, హోస్ట్స్ ఫైల్‌ల అదే పేరుకు కొత్త ఐపీ పెట్టి చూడండి. అదే సర్వర్ మీద బ్రౌజర్ తెరిస్తే మూడుసార్లు పాస్‌వర్డ్ అడిగి 401.1 వస్తది. అది పర్మిషన్ లోపం కాదు, లూప్‌బ్యాక్ చెక్ (సర్వర్ తన పేరుతోనే తనకు లాగిన్ కాకుండ విండోస్ ఆపే రక్షణ). రిజిస్ట్రీల బ్యాక్‌కనెక్షన్‌హోస్ట్‌నేమ్స్‌కు ఆ పేరు చేర్చండి. చెక్ మొత్తానికే ఆఫ్ చేసుడు అసలు సర్వర్‌ల పనికిరాదు.

సర్వీసుల సంగతి: సెర్చ్ ఇండెక్స్ రాదు, సెర్చ్ అడ్మిన్ డేటాబేస్ ఒక్కటే వస్తది, ఫుల్ క్రాల్ (ఫైళ్లన్నీ చదివి ఇండెక్స్ కట్టుడు) మళ్ల నడపాలె. మేనేజ్డ్ మెటాడేటా, యూజర్ ప్రొఫైల్, సెక్యూర్ స్టోర్ డేటాబేస్‌లను పైకి తేవచ్చు. సెక్యూర్ స్టోర్‌కు (పాస్‌వర్డ్‌లు దాచే సర్వీస్) పాత పాస్‌ఫ్రేజ్ కావాలె, అది ఇప్పుడే ఎవరి దగ్గర ఉన్నదో దేవులాడండి. దొరకకపోతే పాత ఫార్మ్ బతికి ఉన్నప్పుడే కొత్త కీ తయారు చేసుకోండి. ప్రొఫైళ్లు తెచ్చే పాత సింక్రనైజేషన్ సర్వీస్ 2016 నుంచి తీసేసిన్రు, యాక్టివ్ డైరెక్టరీ ఇంపోర్ట్ ఉన్నది. అది యాక్టివ్ డైరెక్టరీకి తిరిగి రాయదు. ప్రొఫైల్‌ల ఫోన్ నంబర్ మార్చితే అక్కడ మారాలనే పద్ధతి మీకు ఉంటే అది ఆగిపోతది. ఎక్సెల్ సర్వీసెస్ కూడ 2016ల పోయింది, దాని బదులు ఆఫీస్ ఆన్‌లైన్ సర్వర్. దాన్ని షేర్‌పాయింట్ ఉన్న సర్వర్ మీద పెట్టనియ్యరు, వేరే మెషీన్ కావాలె.

ఇన్ఫోపాత్ గురించి గట్టిగ చెప్పాలె. ఇన్ఫోపాత్ 2013 సపోర్ట్ 2026 జూలై 14 దాకానే, 2016, 2019 షేర్‌పాయింట్‌లకూ అదే తేదీ. ఇప్పుడు ఫారాలను అట్లనే ఎక్కించి మళ్ల మార్చుడు రెండింతల పని. లీవు ఫారం లాంటివి మామూలు లిస్ట్ ఫారంగ మార్చేసుకోండి. నడుస్తున్న అప్రూవల్స్ అన్నీ కటోవర్‌కు (కొత్త సర్వర్‌కు మారే రోజుకు) ముందే మూసెయ్యండి, 2013 వర్క్‌ఫ్లోల స్థితి కంటెంట్ డేటాబేస్‌ల ఉండదు, వర్క్‌ఫ్లో మేనేజర్ డేటాబేస్‌లల్ల ఉంటది.

హనుమకొండ అడ్మిన్:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్ అన్నా. రెండు అనుమానాలు. ఒకటి, ఇంత కష్టం ఎందుకు, నేరుగా క్లౌడ్‌కే పోదాం అని మా మేనేజర్ సార్ అంటున్నరు. మా నెట్ లైన్ 50 ఎంబీపీఎస్. రెండోది, బ్రాంచీలోళ్ల ఫైళ్ల పేర్లు సగం తెలుగుల ఉంటయ్, పాత సర్క్యులర్లు అను ఫాంట్లల్ల ఉన్నయ్. వాటికి ఏమన్నా అయితదా?

కరీంనగర్ డీబీఏ:

క్లౌడ్‌కు 2013 నుంచి నేరుగా వెళ్లవచ్చు, మైగ్రేషన్ టూల్ 2013ను చదువుతుంది, మధ్య మెట్టు అక్కరలేదు. కానీ 420 జీబీ 50 ఎంబీపీఎస్ మీద లైన్ పూర్తిగా మీకే ఇచ్చినా దాదాపు 19 గంటలు. అవతల వేగం తగ్గిస్తారు, చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా నెమ్మదిస్తుంది. ఒకేసారి కాకుండా బ్రాంచీ వారీగా వారాల తరబడి పంపి, చివర్లో మారినవి మాత్రం మళ్లీ పంపే పద్ధతి పెట్టుకోవాలి. స్థలం సంస్థకు 1 టీబీ, పైన ఒక్కో లైసెన్సుకు 10 జీబీ వస్తుంది కాబట్టి పడుతుంది. మీ రెండు సొల్యూషన్ ప్యాకేజీలు మాత్రం అక్కడ నడవవు, సర్వర్‌లో నడిచే కోడ్‌కు క్లౌడ్‌లో చోటు లేదు. అవి లేకుండా ఆఫీసు నడుస్తుందా అన్నదాని మీదే నిర్ణయం ఉంటుంది. ఖర్చు పోల్చేటప్పుడు సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు కూడా చందా నడుస్తూనే ఉండాలని సార్‌కు చెప్పండి.

కాజీపేట షేర్‌పాయింట్:

తెలుగు పేర్లకు డేటాబేస్ తగిలించే దారిల, యూఆర్ఎల్ అదే ఉంటే ఏమీ కాదు. ఇబ్బంది ఫైల్ దారి (ఫోల్డర్లు, ఫైల్ పేరు కలిపి ఉండే యూఆర్ఎల్) పొడుగు పెరిగినప్పుడే. 2013, 2016ల దారి మొత్తం 260, 2019 నుంచి 400. లెక్క యూనికోడ్ కోడ్‌లది, కంటికి కనబడే అక్షరాలది కాదు. "స్త్రీ" మనకు ఒక్కక్షరం, లెక్కల ఆరు. మెయిల్‌ల లింక్ కాపీ చేస్తే ఒక్కో కోడ్ తొమ్మిది గుర్తులైతది, అంటే "స్త్రీ" ఒక్కటే 54. అందుకే తెలుగు పేరు ఫైల్‌కే ఉంచి, ఫోల్డర్లకు పొట్టి పేర్లు పెట్టమనండి. క్లౌడ్‌కు పోతే సైట్ దారి పొడుగైతది, అప్పుడు 400 దాటేవి ఎన్నో ముందే స్కాన్ చెయ్యండి.

అను ఫాంట్ల ఫైళ్లు తెరుచుకునుడుకు ఏ అడ్డూ లేదు, ఫాంట్ చూసేటోళ్ల కంప్యూటర్‌ల ఉంటే చాలు. సెర్చ్‌ల మాత్రం దొరకవు. లోపల ఉన్నది తెలుగు యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ గుర్తుల మీద తెలుగు బొమ్మ. "వరంగల్" అని వెతికితే రాదు, పాత సర్వర్‌ల కూడ వచ్చి ఉండదు. అన్నీ మార్చుడు కాని పని అయితే, లైబ్రరీల విషయం, సర్క్యులర్ నంబర్, తేదీ అని మూడు కాలమ్‌లు పెట్టి యూనికోడ్‌ల నింపించండి. క్రాల్ వాటిని పట్టుకుంటది. ఆ నింపే పని ఇప్పుడే 2013లనే మొదలుపెట్టొచ్చు, కాలమ్‌లు డేటాబేస్‌తోనే పైకి వస్తయ్.

మంచిర్యాల సిస్టమ్స్:

ఒకటి మర్చిపోయిన. బ్రాంచీలల్ల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ల లైబ్రరీని మామూలు ఫోల్డర్ లెక్క తెరిచే "ఓపెన్ విత్ ఎక్స్‌ప్లోరర్" అలవాటు ఉంటది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 సపోర్ట్ 2022 జూన్ 15న ఆగింది, కొత్త సర్వర్ దాన్ని పట్టించుకోదు. వన్‌డ్రైవ్ సింక్ క్లయింట్ నేర్పించండి. 10 ఎంబీపీఎస్ లైన్ ఉన్న బ్రాంచీల మొత్తం లైబ్రరీ కాకుండ, ఆ బ్రాంచీ ఫోల్డర్ ఒక్కటే సింక్ పెట్టించండి. లేకుంటే సోమవారం పొద్దుగాల పది గంటలకు అందరి సింక్ ఒక్కసారే లేచి లైన్ జామ్ అయితది. డీఎన్ఎస్ టీటీఎల్ (సర్వర్ పేరుకు ఉన్న ఐపీని కంప్యూటర్లు గుర్తుంచుకునే టైం) కూడ కటోవర్‌కు రెండు రోజుల ముందే 5 నిమిషాలకు దించి పెట్టుకోండి.