ఓటు గుట్టుగా ఉండాలి, లెక్క అందరికీ తేలాలి: క్రిప్టోగ్రఫీని నమ్మొచ్చా?

గుప్తలిపి:
కంప్యూటర్‌లో వేసిన ఓటు లెక్కలోకి వచ్చిందని ఎవరూ నిరూపించలేరని చాలామంది అంటుంటారు. అది తప్పు. ఓటును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే చదవలేని కోడ్‌గా మార్చి తాళం వేసి, అందరికీ కనిపించే బోర్డులో పెడతారు, విడిగా ఏ ఓటునూ తెరవరు. తాళం వేసిన ఓట్లను అలాగే కలిపేసి చివరి మొత్తాన్ని మాత్రమే తెరిచే గణితం ఉంది. తాళంచెవిని కొందరు ట్రస్టీలకు ముక్కలుగా పంచుతారు. ఒకరు దొంగతనంగా యాభై ఓట్లు దూర్చకుండా, లోపల ఉన్నది 0 (ఓటు లేదు) లేదా 1 (ఓటు ఉంది) మాత్రమే అని, అదేదో చెప్పకుండానే రుజువు జతచేస్తారు. 2008లో వచ్చిన హీలియోస్ అనే ఆన్‌లైన్ ఓటింగ్ వ్యవస్థ ఇలాగే పనిచేస్తుంది. పెట్టెలో వేసిన చీటీ ఆ తర్వాత ఏమైందో మీకెలా తెలుస్తుంది, చెప్పండి?

కాగితమే_మేలు:
గణితం సరేనండీ, దాన్ని సరిచూసేదెవరు? ఎన్నికలో ముఖ్యమైన దశలను ప్రత్యేక పరిజ్ఞానం లేకుండానే పౌరుడు సరిచూసుకోగలగాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో చెప్పింది, అప్పటి ఓటింగ్ యంత్రాల వాడకం చెల్లదంది. ఇక 2019లో స్విట్జర్లాండ్ తపాలా సంస్థ స్విస్ పోస్ట్ వారి ఆన్‌లైన్ ఓటింగ్ విధానం సంగతి చూడండి. ఏది ఎవరి ఓటో తెలియకుండా ఓట్లను కలగలిపేటప్పుడు వాటిని మార్చేసి కూడా "అంతా సక్రమం" అనే రుజువు పుట్టించే లోపం అందులో బయటపడింది. ఆ రుజువును చూసి సామాన్యుడు ఏం కనిపెడతాడు?

గుప్తలిపి:
ప్రోగ్రామ్ కోడ్ బయటపెట్టారు కాబట్టే పరిశోధకులు ఆ లోపాన్ని పట్టుకున్నారు, అసలు ఎన్నికల్లో వాడకముందే. అది నా వాదనకే బలం.

మూడో_తాళం:
మీరిద్దరూ లెక్కింపు దగ్గరే ఆగిపోయారు, నా భయమంతా అంతకుముందు జరిగేదాని గురించి. నేను 'అ' అనే అభ్యర్థిని నొక్కితే ఫోన్ లోపల 'ఆ' అనే అభ్యర్థికి మార్చి తాళం వేస్తే? దీనికి బెనాలో అనే క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు చెప్పిన ఉపాయం ఉంది: యంత్రం తాళం వేసి కోడ్ చూపించాక "వేసెయ్" అనొచ్చు, లేదా "తెరిచి చూపించు" అనొచ్చు. తెరిపిస్తే వేరే పరికరంలో సరిచూసుకుని, ఆ ఓటు రద్దయిపోతుంది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి. మీరు ఏది అంటారో యంత్రానికి ముందు తెలియదు, అందుకే మోసం చేయడానికి వెనకాడుతుంది. చక్కటి ఆలోచనే గానీ, ఎవరూ తెరిపించకపోతే దానివల్ల ఉపయోగం సున్నా.

అంతకంటే పెద్దది బలవంతం. ఇంట్లో ఓటు వేస్తుంటే పక్కన ఎవరు నిలబడ్డారో ఏ సమీకరణమూ చెప్పలేదు. ఎస్టోనియాలో ఆన్‌లైన్ ఓటు మళ్ళీ మళ్ళీ వెయ్యొచ్చు, చివరిదే లెక్క. కానీ బెదిరించేవాడు గడువు అయ్యేదాకా ఓటు వేయడానికి వాడే గుర్తింపు కార్డు తన దగ్గరే ఉంచుకుంటే? అందుకే ఇంటి నుంచి ఓటింగ్‌కి నేను ఒప్పుకోను. ఇంకోటి, 2025లో అంతర్జాతీయ క్రిప్టాలజీ పరిశోధన సంఘమే హీలియోస్‌తో ఎన్నిక పెడితే, ముగ్గురు ట్రస్టీల్లో ఒకరి కీ (తాళంచెవి ముక్క) పోయి ఫలితం తెరవలేక మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది. ముగ్గురి కీలూ తప్పనిసరి అని పెట్టుకున్నారు మరి, రెండోసారి ఇద్దరు చాలన్నారు. నిపుణులకే ఇలా అయితే మిగతావాళ్ళ మాటేమిటి?

గుప్తలిపి:
ఇంటి నుంచి వద్దంటే ఒప్పుకుంటాను, బలవంతానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ బూత్‌లో, కాగితంతోనే క్రిప్టోగ్రఫీ వాడొచ్చు కదా? అమెరికాలో మేరీలాండ్‌లోని టకోమా పార్క్ 2009లో స్కాంటెగ్రిటీ అనే కాగితపు ఓటింగ్ విధానం వాడింది. ప్రత్యేకమైన పెన్నుతో అభ్యర్థి పేరు పక్కనున్న గుండ్రం నింపితే లోపల దాగిన కోడ్ బయటపడుతుంది. అది రాసుకుని ఇంటికెళ్ళి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఆ కోడ్ ఎవరికి చూపించినా మీరు ఎవరికి వేశారో తెలియదు.

కాగితమే_మేలు:
వెబ్‌సైట్‌లో వేరే కోడ్ కనిపిస్తే? నేను అబద్ధమాడుతున్నానని అధికారులు అంటే నా మాట ఎవరు వింటారు?

గుప్తలిపి:
గుండ్రం నింపితేనే కోడ్ కనిపిస్తుంది కాబట్టి, ఆ చీటీ మీద నిజంగా ఉన్న కోడ్‌ను మీరు ఊహించి చెప్పడం చాలా కష్టం. సరైన కోడ్ చెప్పగలిగారంటే అదే మీ సాక్ష్యం. కాగితం చీటీలు ఎలాగూ ఉంటాయి, అనుమానం వస్తే చేత్తో లెక్కపెట్టించండి.

కాగితమే_మేలు:
కాగితం ఉంటుందంటే ఇక నాకు అభ్యంతరం లేదండీ. ఫోన్‌లో మాత్రం వద్దు.