అసలు ఏదైనా ఎందుకున్నది? ‘అనాది దేవుడు’ అన్న జవాబు నిలుస్తదా?

సిరొంచవాసి:
మా తాలూకాల వడధం దగ్గర రాయైపోయిన చెట్ల మొద్దులున్నయ్. మా కోట ఊరి పేరు పెట్టిన రాతిపొరల్ల దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంల ఉన్నది. జురాసిక్ కాలంది. దానికి ముందేమున్నది, ఇంకా ముందేమున్నది అనుకుంట పోతే లెక్క విశ్వం మొదలైన 1380 కోట్ల ఏండ్ల దగ్గర ఆగుతది. అక్కడ దేవుణ్ని పెట్టొచ్చా? పెడితే ‘మరి దేవుణ్ని ఎవరు చేసిన్రు’ అని పోరగాండ్లు అడుగుతరు. నాకు నమ్మకమున్నది. ఎందుకని అడిగితే వరుసగా చెప్పగలగాలె. ఎక్కడ మొదలుపెట్టాలె?

తర్కపాఠి:
అన్నా, 1380 కోట్ల ఏళ్ల దగ్గర మాత్రం పెట్టకండి. ‘ఎప్పుడు మొదలైంది’ అనేది ఖగోళశాస్త్రం తేల్చేది. ‘అసలు ఎందుకుంది’ అనేది వేరే ప్రశ్న. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ రెంటినీ దగ్గర చేసి మాట్లాడితే, మహావిస్ఫోట (బిగ్ బ్యాంగ్) సిద్ధాంతానికి ఆద్యుడైన లెమైత్ర్‌కే అది నచ్చలేదు. ఆయన స్వయంగా కాథలిక్ ఫాదర్.

వాదం ఇలా నాలుగు మెట్లుగా కట్టాలి. చెట్టు, గోదావరి, సూర్యుడు, ఇవన్నీ లేకుండా పోయే వీలున్నవే. లేకపోయే వీలున్నది ఉందంటే అందుకు కారణం ఉండాలి (జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1714లో ఈ ప్రశ్నను సూటిగా పెట్టాడు). అలాంటివాటిని ఎన్ని పోగేసినా ఆ పోగూ అలాంటిదే. కాబట్టి ఉనికికి ఇంకొకదాని మీద ఆధారపడనిది ఒకటుంది.

ఇక్కడ ‘మొదటిది’ అంటే కాలంలో మొదటిది అనుకోవడంతోనే అందరూ జారిపోతారు. తాత పోయినా మనవడు ఉంటాడు. ఆ వరుస వెనక్కి అంతులేకుండా పోయినా తర్కానికి ఇబ్బంది లేదు. ఉట్టి సంగతి అలా కాదు. కుండను ఉట్టి, ఉట్టిని తాడు, తాడును దూలం ఈ క్షణాన మోస్తున్నాయి. తాడుకు తాడు ముడేస్తూ పోతే కుండ నిలవదు. అనాది దేవుడంటే ఆ దూలం. జగత్తుకు ఆరంభం ఉందని తర్కంతో రుజువు చేయలేమని 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ ఒప్పుకున్నాడు, అయినా దేవుడున్నాడనే వాదించాడు.

‘దేవుణ్ని ఎవరు చేశారు’ అనే ప్రశ్న ఎందుకొస్తుందంటే, రెండో మెట్టును మనం ‘ఉన్న ప్రతిదానికీ కారణముంది’ అని చెప్పేస్తాం. ‘లేకపోయే వీలున్న ప్రతిదానికీ’ అనాలి. ఆ ఒక్క మాట వదిలితే వాదమంతా పోయినట్టే.

గోదావరి_ఇవతల:
బాగ చెప్పిన్రు. కని రెండో మెట్టును, మూడో మెట్టును అందరు ఒప్పుకోరు. 1948ల బీబీసీ రేడియోల కాథలిక్ ఫాదర్ కోపుల్‌స్టన్‌తోటి వాదించినప్పుడు, దేవుణ్ని నమ్మని తత్వవేత్త రస్సెల్ అన్నది ఇదే: ప్రతి మనిషికి తల్లి ఉన్నంత మాత్రాన మనుషుల జాతికి తల్లి ఉండాలని లేదు, విశ్వం ఉన్నది, అంతే. దీన్ని తేలికగ తీసుకోవద్దు. వేదాన్నే ప్రమాణంగ పట్టుకున్న మీమాంసకులు గూడ జగత్తు ఎప్పటికీ ఉన్నదే, సృష్టికర్తతోటి పనిలేదన్నరు. జైనులదీ అదే దారి.

ఇంకోటి. న్యాయ దర్శనం పండితుడు ఉదయనుడు 10వ శతాబ్దంల జగత్తు కార్యం (కారణంతోటి పుట్టింది) గనుక కర్త ఉండాలని వాదించిండు. గొప్ప వాదమే. అయితే ఆ దర్శనంల పరమాణువులు నిత్యం, ఈశ్వరుడు వాటిని కూర్చేటోడు. పరమాణువులే ఎందుకున్నయ్ అంటే ఆ వాదం జవాబియ్యది. మీ ప్రశ్నకు ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయమే దగ్గర: అసత్తు (లేనిది) నుంచి సత్తు (ఉన్నది) ఎట్ల పుడ్తది అని అడుగుతది. భౌతికశాస్త్రం చెప్పే ‘శూన్యం’ గూడ ఏమీలేనితనం కాదు, అండ్ల క్షేత్రాలుంటయ్, నియమాలుంటయ్.

నాలుగో మెట్టు ఎక్కినా చేతికొచ్చేది ఆధారమే. మొర వినే దేవుడు దాంట్ల నుంచి రాడు. దానికి వేరే కారణాలు చెప్పాలె.

సిరొంచవాసి:
అయితే సృష్టి ఎట్లయిందని అడిగే నాసదీయ సూక్తంతోటి మొదలుపెట్టాల్నా?

తర్కపాఠి:
పెట్టండి. ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం, 7 మంత్రాలే. చివరి మంత్రాన్ని దాటేయొద్దు: పరమాకాశంలో ఉన్న అధ్యక్షుడికి తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అంటుంది. దాని పక్కనే పోతన గజేంద్రుణ్ని చదివించండి. ‘ఎవ్వనిచే జనించు జగము’ అని మూలకారణాన్ని శరణు వేడినవాడే, మొసలి పట్టు విడవకముందు ‘కలడో లేడో’ అనీ అన్నాడు. సందేహం వచ్చినా మొర ఆపలేదు. గోదావరి అన్న చెప్పిన ఆ వినే దేవుడి సంగతి ఎత్తాల్సింది అక్కడే, ఉట్టి దగ్గర కాదు. మొదటి పూట ఉట్టి వరకే చెప్పి ఆపండి, రస్సెల్ అభ్యంతరానికి ఒక పూట మొత్తం కావాలి.