టెక్నో, డబ్‌స్టెప్‌కి మంచి హెడ్‌ఫోన్: లక్షన్నరలో ఏది తీసుకోవాలి?

బైరాగిపట్టెడ (తిరుపతి):
అన్నలూ, ఒక సలహా కావాలి. వినేది టెక్నో, డ్రమ్ అండ్ బేస్, డబ్‌స్టెప్, కొంచెం యాంబియెంట్. ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్ రెండింట్లోనూ వింటాను. వినేది రాత్రిపూటే, అదే గదిలో ఇంట్లోవాళ్ళు పడుకుంటారు. కళ్ళద్దాలు పెట్టుకుంటాను. ఆంప్ (హెడ్‌ఫోన్‌కి సిగ్నల్ బలం పెంచే ఆంప్లిఫయర్) కూడా కలిపి 1,50,000 దాకా పెట్టగలను. సెన్‌హైజర్ హెచ్‌డి 660ఎస్2, బేయర్‌డైనమిక్ డిటి 1770 ప్రో, ఆడీజ్ ఎల్‌సిడి-ఎక్స్, ఈ మూడింటి దగ్గర ఆగాను. మూడూ పెట్టుకొని విని చూసే అంగడి మన ఊళ్ళో నాకు కనబడలేదు. అంత డబ్బు పెట్టి వినకుండా కొనాలంటే భయంగా ఉంది.

కట్టమంచి (చిత్తూరు):
మోడల్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు గది సంగతి తేల్చుకో. 660ఎస్2, ఎల్‌సిడి-ఎక్స్ రెండూ ఓపెన్ బ్యాక్, అంటే కప్పుల వెనకవైపు తెరిచి ఉంటాయి. నువ్వు వినే హై-హ్యాట్ (డ్రమ్స్‌లో తాళాల చప్పుడు) పక్కన పడుకున్నవాళ్ళకు చిటచిటమని వినబడుతుంది, గట్టిగా పెడితే పాటంతా వినబడుతుంది. గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా అడ్డం లేకుండా నీ చెవిలోకి వస్తుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి వినలేం కదా. క్లోజ్డ్ బ్యాక్‌లో (కప్పు వెనక మూసి ఉన్నదాంట్లో) కూడా 200 హెర్ట్జ్ కింద ఉండే మోత పెద్దగా ఆగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. దానికి పైన ఉండే గాలి హోరు మాత్రం బాగా తగ్గుతుంది. నీ గదికి క్లోజ్డ్ బ్యాకే సరి. అంటే మూడింట్లో మిగిలేది డిటి 1770 ప్రో.

ఇక బేస్ ఎంత లోతుకు దిగాలో చూడు. టెక్నో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) బలం ఎక్కువగా 45 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 1980లో వచ్చిన రోలాండ్ టిఆర్-808 డ్రమ్ మెషీన్ సాగే కిక్ కూడా 50 చుట్టుపక్కలే. డబ్‌స్టెప్ సబ్ (అన్నిటికన్నా అడుగున మోగే బేస్) ఎఫ్ స్వరం మీద ఉంటే 43.7 హెర్ట్జ్, డి మీద ఉంటే 36.7. ఓపెన్ బ్యాక్ డైనమిక్ డ్రైవర్లు (కాయిల్, అయస్కాంతంతో శబ్దం చేసే మామూలు రకం) చాలావరకు సరిగ్గా ఈ చోటే జారడం మొదలుపెడతాయి. డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ ఒకటుంటుంది, దాని కిందికి పోయేకొద్దీ శబ్దం తగ్గిపోతుంది. సెన్‌హైజర్ పాత మోడల్ 660ఎస్‌లో 110 హెర్ట్జ్ దగ్గర ఉన్నదాన్ని 660ఎస్2లో 70కి దించింది. మేలే, కానీ 40 దగ్గర ఇంకా పలచనే. ఎల్‌సిడి-ఎక్స్ లాంటి ప్లానర్‌లో (పల్చటి పొర మొత్తం ఒక్కసారిగా కదిలే రకం) ప్యాడ్ తలకు సరిగ్గా అతుక్కుంటే 20 దాకా దాదాపు సమంగా దిగుతుంది. నీకు వేరే గది ఉండుంటే రెండో మాట లేకుండా అదే చెప్పేవాణ్ణి. బరువు మాత్రం 612 గ్రాములు, గంట దాటితే మెడకు తెలుస్తుంది.

లీలామహల్ సర్కిల్ (తిరుపతి):
పైన అన్న చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ కళ్ళద్దాల విషయం వదిలేశారు. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ నిలబడేది ప్యాడ్ చుట్టూ గాలి పోకుండా ఉంటేనే. కళ్ళద్దాల కాడ ప్యాడ్ కింద చిన్న సందు చేస్తుంది, ఆ సందులోంచి పోయేది మీరు డబ్బు పెట్టి కొంటున్న ఆ 40 హెర్ట్జే. లక్ష రూపాయల హెడ్‌ఫోన్ కూడా ఆ సందు ముందు ఓడిపోతుంది.

ఇప్పుడున్న హెడ్‌ఫోన్‌తోనే పరీక్ష చేయొచ్చు. టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకొని, వాల్యూమ్ తక్కువలో పెట్టి, 200 హెర్ట్జ్ నుంచి 20 దాకా మెల్లగా దించండి. 50 దగ్గర ఆపి రెండు చేతులతో కప్పులను తలకేసి మెత్తగా అదమండి. బేస్ పెరిగితే గాలి పోతున్నట్టు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చేయండి. తేడా పెద్దగా ఉంటే పల్చటి లోహపు కాడలున్న ఫ్రేమ్ ఒకటి రాత్రి వినడానికి పెట్టుకోండి. ఆంప్ మార్చడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

డిటి 1770 ప్రోతో రెండు జతల ప్యాడ్లు వస్తాయి: వెలోర్ (మెత్తటి బట్ట), లెదరెట్ (తోలు లాంటిది). వెలోర్‌కి చెమట పట్టదు, కానీ బట్టలోంచి గాలి పోయి సబ్ తగ్గుతుంది. మీరు వినేవాటికి లెదరెట్టే వేసుకోండి. మన ఎండలకు చెమట తాగి అది పగిలి పొట్టు రాలుతుంది. విన్నాక పొడిబట్టతో తుడవండి, గట్టిపడగానే మార్చేయండి. ప్యాడ్ అణిగిపోతే చెవి డ్రైవర్‌కి దగ్గరై శబ్దమే మారిపోతుంది, మనమేమో హెడ్‌ఫోన్ పాడైందనుకుంటాం.

బైరాగిపట్టెడ:
అన్నా, పరీక్ష చేశాను. కళ్ళద్దాలతో 50 దగ్గర బాగా తగ్గుతోంది, తీస్తే తిరిగొస్తోంది. ఇంకోటి, డిటి 1770 ప్రో 250 ఓమ్స్ కదా, దానికి నాలుగైదు వాట్ల ఆంప్ లేకపోతే దండగ అంటున్నారు, నిజమేనా? హై-హ్యాట్ లాంటి సన్నటి శబ్దాల దగ్గర కీచుమంటుందని కూడా విన్నాను.

కట్టమంచి:
వాట్ల మాట నమ్మొద్దు, లెక్క వేసుకో. డిటి 1770 ప్రో 250 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 102 డెసిబెల్. పీక్ (పాటలో అన్నిటికన్నా గట్టి చోటు) 110 డెసిబెల్‌కి పోవాలంటే ఇంకో 8 కావాలి, అంటే సుమారు 6.3 మిల్లీవాట్లు, 1.26 వోల్టులు. వాట్లు కాదు, మిల్లీవాట్లు! ఎల్‌సిడి-ఎక్స్ 20 ఓమ్స్, 103 డెసిబెల్. దానికి అదే 110కి 5 మిల్లీవాట్లు, 0.32 వోల్టులు చాలు, కానీ కరెంటు మాత్రం మూడింతలు అడుగుతుంది. ఓమ్స్ ఎక్కువైతే వోల్టేజ్ చూడు, తక్కువైతే కరెంటు చూడు. పైగా ఈ పాటలను మాస్టరింగ్‌లో గట్టిగా ఒత్తేస్తారు, సగటుకూ పీక్‌కూ దూరం తక్కువ. శాస్త్రీయ సంగీతానికి కావలసినంత ఖాళీ వీటికి అక్కర్లేదు.

ఈక్వలైజర్‌తో బేస్ 6 డెసిబెల్ పెంచాలనుకుంటే వోల్టేజ్ రెండింతలు, అంటే 2.5 వోల్టులు ఇచ్చే డాక్-ఆంప్ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చి బలం పెంచే పెట్టె) తీసుకో. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ ప్యాడ్లకు దాచిపెట్టు. ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ లోపలి నిరోధం) హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు. 250కి ఆ చిక్కు చాలావరకు రాదు.

కీచు సంగతి నిజమే. 8, 9 వేల హెర్ట్జ్ మధ్య ఒక ఎత్తు ఉంది, రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ హై-హ్యాట్ అక్కడే గుచ్చుతుంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ వేసుకో. పీక్ ఫిల్టర్ (ఒక్క చోటునే తగ్గించేది): 8,500 హెర్ట్జ్, మైనస్ 4 డెసిబెల్, క్యూ (ఆ చోటు ఎంత ఇరుకో చెప్పే అంకె) 3. చెవి చెవికీ ఆ చోటు కొంచెం మారుతుంది, 7,500 నుంచి 9,500 దాకా జరుపుతూ ఎక్కడ గుచ్చడం ఆగితే అక్కడ పెట్టు. లో షెల్ఫ్ (ఆ ఫ్రీక్వెన్సీ కింద ఉన్న బేస్ మొత్తాన్నీ పెంచేది): 100 హెర్ట్జ్, ప్లస్ 4, క్యూ 0.7. ప్రీయాంప్ (సాఫ్ట్‌వేర్‌లో మొత్తం శబ్దాన్ని తగ్గించే మీట) మైనస్ 4 తప్పనిసరి. పాట ముందే సున్నా డెసిబెల్‌ని తాకి ఉంటుంది, పైకి పెంచితే నెత్తి తెగి కిక్ పటపటలాడుతుంది. అప్పుడు తప్పు సెట్టింగ్‌ది, హెడ్‌ఫోన్‌ది కాదు.

లీలామహల్ సర్కిల్:
వినకుండా కొనకండి. పొద్దున రైలు ఎక్కితే చెన్నై సెంట్రల్, ఆడ విని చూసే అంగళ్ళున్నాయి. ముందే ఫోన్ చేసి డెమో పీసు ఉందో లేదో కనుక్కోండి. మీ కళ్ళద్దాలు, మీ ఫోన్, బాగా తెలిసిన నాలుగు పాటలు ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గని ఫైల్ రకం) తీసుకెళ్ళండి: ఒకటి సబ్ సాగేది, ఒకటి హై-హ్యాట్ నిండుగా ఉన్నది, ఒకటి గొంతు ఉన్నది, ఒకటి బీట్ లేని యాంబియెంట్. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా తెచ్చుకోండి. కాస్త గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఒక్కోటీ కనీసం ఇరవై నిమిషాలు తలమీద ఉంచండి.

కొన్నాక ఒక కప్పులో మాత్రమే 30, 40 హెర్ట్జ్ దగ్గర జిర్రుమంటే వెంటనే వాపసు పంపొద్దు. చాలాసార్లు అది డయాఫ్రమ్‌కి (డ్రైవర్‌లో కదిలే పొరకు) తగులుతున్న తలవెంట్రుక. ప్యాడ్ తీసి వెలుతురులో చూసి చిమటాతో మెల్లగా లాగేయండి. చార్జర్ పెట్టినప్పుడే గుయ్‌మని వస్తుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే ఎర్తింగ్ చిక్కు అయ్యుండొచ్చు, ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

బైరాగిపట్టెడ:
ఎంత గట్టిగా, ఎంతసేపు వినొచ్చు అన్నా?

కట్టమంచి:
వారానికి 40 గంటలు వింటే సగటు 80 డెసిబెల్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్‌కీ సమయం సగమవుతుంది: 83కి 20 గంటలు, 86కి 10. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బేస్ తక్కువగా వినబడుతుంది కాబట్టి చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది. అప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా ఆ లో షెల్ఫ్‌ని 4 నుంచి 6కి పెంచు, ప్రీయాంప్‌ని మైనస్ 6కి దించు.